చర్చిల్ పుస్తకాల గురించి, నీ పుస్తకం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నలభై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. చర్చిల్ మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రావాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. ఆ పేరెత్తితే మన దగ్గర రెండే మాటలు వినపడతాయి. హిట్లర్‌ని ఎదిరించి నిలిచిన మహానుభావుడని ఒకరు, బెంగాల్‌ని ఆకలితో మాడ్చిన దుర్మార్గుడని ఇంకొకరు. నువ్వు రెండూ వదలకుండా మనిషిని పూర్తిగా చూడాలనుకుంటున్నావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నాకు మొదటి పేజీలోనే కాలికి రాయి తగిలింది. అధికారం దొంగల చేతుల్లోకి, దోపిడీగాళ్ళ చేతుల్లోకి పోతుందనీ, చివరికి గాలికీ నీళ్ళకీ కూడా పన్ను వేస్తారనీ స్వాతంత్ర్యానికి ముందు చర్చిల్ మన గురించి అన్నాడని మొదలుపెట్టావు. ఏటా ఆగస్టు 15న నా ఫోన్‌కి కూడా ఈ మాట నాలుగైదుసార్లు వస్తుంది. పెద్దపెద్దవాళ్ళు సభల్లో చెప్పగా విన్నాను. ఆయన అలా అన్నట్టు ఆధారం లేదు నాయనా. ఆయన ప్రసంగాలు 1974లో ఎనిమిది సంపుటాలుగా వచ్చాయి. పార్లమెంటులో మాట్లాడిన ప్రతి ముక్కా రికార్డుల్లో ఉంది. ఆయన మాటల్ని జల్లెడ పట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళకి కూడా ఇది దొరకలేదు.

దాన్ని కొట్టేసి 1947 మార్చి 6న కామన్స్ సభలో ఆయన నిజంగా చేసిన ప్రసంగం చదువు. భారత ప్రభుత్వాన్ని గడ్డిబొమ్మల్లాంటి మనుషులకి అప్పజెబుతున్నామనీ, కొన్నేళ్ళు పోతే వాళ్ళ జాడ కూడా మిగలదనీ అందులో అన్నాడు. దీనికి తేదీ ఉంది, చోటు ఉంది, విన్నవాళ్ళున్నారు. చదివితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మొదటి పేజీలో కల్పించిన మాట పెట్టావని పాఠకుడు కనిపెట్టాడంటే, పదో పేజీలో నువ్వు చెప్పే నిజమైన మాటని కూడా నమ్మడు. బెంగాల్ గురించి రాసేటప్పుడు ఆ నమ్మకం నీకు ఎంతైనా అవసరం.

ఇక పుస్తకాలు. ఆయన మీద వచ్చినవాటితో మొదలుపెట్టావు. ముందు ఆయన రాసినవి చదివి ఉండాల్సింది. ఆయన కలం మీద బతికినవాడు. 1953లో వచ్చిన నోబెల్ కూడా సాహిత్యానికే. చరిత్ర, జీవితచరిత్ర రాయడంలో ప్రతిభకీ, ప్రసంగాలకీ ఇచ్చారు. నువ్వు శాంతి బహుమతి అని రాశావు, దిద్దుకో.

మొదట 1930లో వచ్చిన 'మై ఎర్లీ లైఫ్' తీసుకో. అందులో బడిలో చేరిన మొదటి రోజు ఒక లాటిన్ పాఠం ఉంటుంది. బల్ల అన్న మాటకి విభక్తులు బట్టీపట్టమని అయ్యవారు పుస్తకం చేతికిస్తాడు. 'ఓ బల్లా' అన్న రూపం దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. దీని అర్థమేమిటని అడుగుతాడు. బల్లతో మాట్లాడేటప్పుడు, బల్లని పిలిచేటప్పుడు వాడతారని అయ్యవారు చెబుతాడు. నేనెప్పుడూ బల్లతో మాట్లాడనే, అంటాడు పిల్లవాడు. పొగరుగా మాట్లాడితే గట్టి శిక్ష పడుతుందన్న బెదిరింపుతో ఆ సంభాషణ ముగుస్తుంది. 'ఓయి, ఓరి, ఓసి' అంటూ సంబోధన ప్రథమావిభక్తి వల్లెవేసిన మన పిల్లలందరికీ ఇది వెంటనే అందుతుంది. రాస్తున్నవాడికి యాభై దాటాయి. అయినా ఎక్కడా పెద్దవాడి తెలివి చొప్పించడు. ఆ విద్యాపద్ధతి గొడ్డుపోయిందని ఒక్క ముక్క అనడు. పిల్లవాడి బెరుకు మనకే తెలుస్తుంది. నీ మూడో అధ్యాయంలో చర్చిల్ బాల్యానికి ఎనిమిది పేజీలిచ్చావు, అందులో ఒక్క పిల్లవాడు కూడా కనపడలేదు నాకు.

ఆ పుస్తకంలో మన దక్కన్ కూడా ఉంది. 1896లో ఆయన రెజిమెంటు బెంగళూరులో దిగింది. వచ్చిన కొద్ది వారాలకే హైదరాబాదు వెళ్ళి పోలో ఆటలో గోల్కొండ కప్పు గెలిచింది. ఆటలో ఆయనకి ఎంత పిచ్చో అంత పిచ్చీ ఆ చలికాలంలోనే చదువు మీదికి మళ్ళింది. ఇరవై రెండో ఏడు వస్తుంటే, తనకి ఏమీ తెలియదని తెలిసి, ఇంగ్లండు నుంచి తల్లి చేత పుస్తకాలు తెప్పించుకున్నాడు. గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య చరిత్ర, మెకాలే, ప్లేటో. మధ్యాహ్నపు ఎండలో, గుర్రాల పని అయ్యాక పోలో వేళ దాకా రోజుకి నాలుగైదు గంటలు. పాత పార్లమెంటు చర్చలున్న వార్షిక గ్రంథాలు చదివేటప్పుడు మాత్రం ఒక నియమం పెట్టుకున్నాడు. చర్చ చదవకముందే ఆ విషయం మీద తన అభిప్రాయం కాగితం మీద రాసుకునేవాడు. తర్వాత చర్చ చదివి, తను రాసింది దిద్దుకునేవాడు. ఇది నువ్వు రేపటి నుంచే మొదలుపెట్టు. బెంగాల్ కరువు గురించి నీ అభిప్రాయం ఒక పేజీ రాసి పక్కన పెట్టుకో. ఆ తర్వాతే నేను కింద చెప్పే పుస్తకాలు తెరువు.

1898లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం వాయవ్య సరిహద్దులో జరిగిన మలకండ్ యుద్ధం గురించి. బెంగళూరులో కూర్చుని రాశాడు. ప్రూఫులు ఓడలో వచ్చి వెళ్ళేదాకా ఆగలేక, దిద్దే పని లండన్లో ఉన్న బాబాయి వరసాయనకి అప్పజెప్పాడు. తప్పులతడకగా అచ్చయింది. మతి తప్పినవాడెవడో ప్రూఫులు చూసి చుక్కలూ కామాలూ పెట్టినట్టుందని ఒక సమీక్షకుడు రాశాడు. చర్చిల్ సిగ్గుతో చచ్చిపోయాడు. నా మొదటి కథల పుస్తకానికీ ఇదే గతి పట్టింది. ప్రూఫులు మేమే చూసుకుంటాం లెమ్మని ప్రెస్సువాళ్ళంటే సరేనన్నాను. పుస్తకం చేతికొచ్చాక చూస్తే 'కరువు' అన్న మాట ఒక కథలో ఆరుచోట్ల 'పరువు' అయి ఉంది. నలభై ఏళ్ళయింది, ఆ పుస్తకం నేను ఎవరికీ ఇవ్వలేదు. నీ ప్రూఫులు నువ్వే చూసుకో. చర్చిల్ తర్వాత్తర్వాత రాసిందంతా ముందే గ్యాలీలుగా, అంటే పొడుగాటి ప్రూఫు కాగితాలుగా, అచ్చు కొట్టించుకుని, వాటి మీద మళ్ళీ మళ్ళీ తిరగరాసేవాడు.

ఇంకొకటి. 1940 ఆగస్టు 9న, నెత్తిమీద విమానాలు తిరుగుతున్న రోజుల్లో, ప్రధానమంత్రిగా ఒక నోటు పంపాడు. రిపోర్టులు చిన్నగా, సూటిగా రాయండి, పనికిరాని మాటలు తీసెయ్యండి అని దాని సారం. నీ రాతప్రతిలో 'అనడంలో అతిశయోక్తి లేదు' పదకొండుసార్లు ఉంది. 'అనడంలో సందేహం లేదు' తొమ్మిదిసార్లు. అన్నీ తీసి చదువుకో, వాక్యం తేలికపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1948 నుంచి ఆరు సంపుటాలుగా వచ్చిన రెండో ప్రపంచయుద్ధ చరిత్ర. నువ్వు దీన్నే ఆధారంగా చేసుకుని సగం పుస్తకం రాశావు. మొదటి సంపుటం చివరి పేజీ తీయి. 1940 మే 10, తను ప్రధాని అయిన రోజు. తెల్లవారుజామున మూడింటికి పక్క మీదికి చేరేసరికి గొప్ప ఊరట కలిగిందని రాస్తాడు. విధితో కలిసి నడుస్తున్నట్టు అనిపించిందట. గడిచిన జీవితమంతా ఈ ఘడియ కోసం, ఈ పరీక్ష కోసం సాగిన తయారీయేనట. హాయిగా నిద్రపోయాడట, కలలతో పనిలేకుండా. వాక్యాలు ఎలా నడిచాయో చూడు. పెద్దపెద్ద వాక్యాల తర్వాత చివర నాలుగు మాటల్లో ఆపేస్తాడు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ సాయంత్రమే రాజుగారి దగ్గర్నుంచి తిరిగొస్తున్నప్పుడు పక్కన ఉన్నవాడు అంగరక్షకుడు థాంప్సన్. ఆయనా జ్ఞాపకాలు రాశాడు. చర్చిల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయనీ, మరీ ఆలస్యం కాలేదని ఆశిస్తున్నాను, అయిపోయిందేమోనని నాకు చాలా భయంగా ఉంది అన్నాడనీ అందులో ఉంది. ఒకే రోజు, కొన్ని గంటల తేడా. ఎవరూ అబద్ధమాడి ఉండనక్కర్లేదు. భయం సాయంత్రం వచ్చి, ఊరట అర్ధరాత్రి దాటాక వచ్చి ఉండొచ్చు. కానీ ఏడెనిమిదేళ్ళ తర్వాత పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడు ఊరటని ఉంచుకున్నాడు, భయాన్ని వదిలేశాడు. నీ పుస్తకంలో ఆ రాత్రి గురించి ఆయన వాక్యమే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టు.

ఆ ఆరు సంపుటాలు ఎలా తయారయ్యాయో చెప్పే పుస్తకం ఒకటి 2004లో వచ్చింది, డేవిడ్ రెనాల్డ్స్ రాసిన 'ఇన్ కమాండ్ ఆఫ్ హిస్టరీ'. అప్పు చేసైనా కొను. చర్చిల్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే సెక్రటరీలు టైపు చేసేవారు. ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు డీకిన్, ఒక మాజీ జనరల్, ఒక నావికాదళ అధికారి, ఇంకొందరు కలిసి ముడిసరుకు సిద్ధం చేసేవారు. ఇది చరిత్ర కాదు, ఇది నా వాదన అని ఆయనే డీకిన్‌తో అన్నాడు. ఆ వాదనలో లేనివేమిటో రెనాల్డ్స్ ఒక్కొక్కటే చూపిస్తాడు. బ్లెచ్లీ పార్కులో జర్మన్ రహస్య సంకేతాలు విప్పిన సంగతి అందులో లేదు, ఉండటానికి వీల్లేదు, 1974 దాకా అది రహస్యమే. చివరి సంపుటం వచ్చేసరికి చర్చిల్ మళ్ళీ ప్రధాని, ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడు. అందుకే ఐసెన్‌హోవర్ మీద ఉన్న విమర్శల పదును తగ్గిపోయింది. ఇవి చట్టం వల్లా, రాజకీయం వల్లా వచ్చిన ఖాళీలు. అర్థం చేసుకోగలను.

అర్థం చేసుకోలేని ఖాళీ ఇంకొకటుంది. నాలుగో సంపుటంలో మన దేశం గురించి రాస్తూ, ప్రపంచంలో ఇంత పెద్ద జనాభా ఏదీ యుద్ధపు ఘోరాల నుంచి ఇంత భద్రంగా లేదనీ, బ్రిటన్ మనల్ని భుజాల మీద మోసిందనీ అంటాడు. మా నాయనమ్మది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. బియ్యం మూటా పిల్లల్నీ బండెక్కించి, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి వెళ్ళామని చెప్పేది. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇక 1943లో బెంగాల్లో లక్షలాదిమంది తిండి లేక పోయారు. విచారణ సంఘం లెక్క పదిహేను లక్షలు, తర్వాతి పరిశోధకుల్లో ముప్పై లక్షల దాకా చెప్పినవారున్నారు. ఆరు సంపుటాల కథనంలో వాళ్ళకి చోటు దాదాపు లేదు.

దానికి ఎదురు సాక్ష్యం ఇంగ్లీషువాళ్ళ దగ్గరే దొరుకుతుంది. ఆయన మంత్రివర్గంలో భారత వ్యవహారాలు చూసిన ఏమెరీ డైరీలు చదువు. మన మనుషుల మీదా మన మతం మీదా చర్చిల్ నోటివెంట వచ్చిన అసహ్యం 1942లోనే ఆయన రాసిపెట్టుకున్నాడు. వేవెల్ 1943 అక్టోబరులో వైస్రాయిగా వచ్చి తిండిగింజలకోసం లండన్ మీద పడి అడిగినవాడు. గాంధీ ఇంకా ఎందుకు చనిపోలేదని చర్చిల్ విసుగ్గా తంతి కొట్టాడని 1944 జులైలో వేవెల్ డైరీలో ఉంది. 2010లో మధుశ్రీ ముఖర్జీ రాసిన 'చర్చిల్స్ సీక్రెట్ వార్' ఈ ఆధారాలన్నీ తీసుకుని, తిండిగింజలకి ఓడలివ్వకపోవడాన్ని నేరంగా నిలబెట్టింది. అది చదివి నీ రక్తం మరిగిందని రాశావు. మరగాలి. అయితే వెంటనే ఆండ్రూ రాబర్ట్స్ 2018లో రాసిన జీవితచరిత్ర కూడా చదువు. ఆయన చర్చిల్ పక్షం. 1944 ఏప్రిల్‌లో ఓడలకోసం చర్చిల్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని అడిగాడు, రూజ్‌వెల్ట్ కాదన్నాడు. అది కూడా నీ పేజీలో ఉండాలి. బర్మా పడిపోయి బియ్యం ఆగిపోవడం, 1942 అక్టోబరులో మిడ్నపూర్ తుఫాను, జపాన్‌వాళ్ళకి దొరక్కూడదని తీరంలో పడవలూ ధాన్యమూ లాగేసుకోవడం, ధరలు పెరిగిపోవడం, ఇవన్నీ కలిసి చేసిన కరువు అది. అవన్నీ చెప్పాక కూడా, లండన్లో అడిగినప్పుడు ఇచ్చి ఉంటే బతికేవాళ్ళు చాలామంది ఉన్నారనే నా నమ్మకం. నీ నమ్మకం నువ్వు కాగితాలు చూసి తేల్చుకో.

మిగతావాటికి తొందర లేదు. కొడుకు రాండోల్ఫ్ మొదలుపెట్టి, ఆయన పోయాక మార్టిన్ గిల్బర్ట్ 1988లో ఎనిమిదో సంపుటంతో పూర్తిచేసిన అధికారిక జీవితచరిత్ర తేదీలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది, ఆరంభం నుంచి చివరిదాకా చదవకు. చర్చిల్‌కి వైద్యం చేసిన డాక్టరు మోరన్ 1966లో అచ్చువేసిన డైరీ నాకు నచ్చదు. రోగి చచ్చిపోయి ఏడాదిన్నర తిరక్కముందే రోగం సంగతులు బయటపెట్టడం నాకు తప్పుగానే తోస్తుంది.

నీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి వదిలేశావు. మీ తాతమ్మ చిన్నతనంలో రంగం, అదే రంగూన్, నుంచి నడిచి వచ్చిందని. 1942లో బర్మా నుంచి అలా వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగం పోయిరాని ఊరుండేది కాదు. ఆ నాలుగో సంపుటం పక్కన పెట్టాల్సిన సాక్ష్యం మీ ఇంట్లో ఉంది. ఈ పండక్కి ఊరెళ్ళు. మొదటి రోజు ఏమీ అడక్కు, ఊరికే పక్కన కూర్చో. రెండో రోజు, రికార్డు చేసుకోనా తాతమ్మా అని అడిగి, సరేనంటేనే ఫోన్ తీయి. దారిలో ఏం తిన్నారో అడుగు, ఎవరి చెయ్యి పట్టుకుని నడిచిందో అడుగు. ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టే రాసి, నాకు పంపు.