కొంత పైకం అంటే ఎంత?

అమ్మాయ్,

నీ కథ అందింది. నిన్ను ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అని కాసేపు ఆలోచించాను. మీ నాన్నగారి కంటే కూడా పెద్దవాణ్ణి కనక నువ్వనే అంటున్నాను. ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు నీ పదకొండో పేజీ చూడు. నంబర్లు వెయ్యలేదు, నేనే లెక్కపెట్టుకున్నాను.

అక్కడ ఇలా రాశావు: “అనంతరం సభ్యులు తమ ఆనందాన్ని పంచుకుంటూ హ్యాపీ బాక్స్‌లో కొంత పైకం వేశారు.”

అది చదివి కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. కాఫీ తాగి వచ్చాను. మళ్ళీ చూస్తే అక్కడ అదే ఉంది. కొంత పైకం! ఆ మాటతో నాకు పాత తగాదా ఉంది. చెబుతాను.

రోటరీ క్లబ్బు వారపు మీటింగు గురించి పదహారు పేజీలు రాశావు. కొడుకు అమెరికాలో ఇల్లు కొన్నాడని ఒకాయన లేచి నిలబడ్డాడన్నావు. మంచి కబురు ఉన్నవాడు లేచి చెప్పి ఆ హ్యాపీ బాక్స్‌లో డబ్బు వెయ్యాలి కదా. సరే, డబ్బాలో ఎంత వేశాడు? వంద వేస్తే ఒక రకం తండ్రి. వెయ్యి నూట పదహార్లు వేస్తే ఇంకో రకం. ఐదొందల నోటు అందరికీ కనపడేలా వేసి, మూత మూసేలోపు నాలుగొందలు చిల్లర ఏరుకుంటే మూడో రకం. నాకు కావలసింది ఆ మూడోవాడు. ఇలాంటివాణ్ణి నేను కళ్ళారా చూశాను. నువ్వూ చూసే ఉంటావు. చూసి ‘కొంత పైకం’ కింద పూడ్చేశావు.

కథలో డబ్బు చేతులు మారితే ఎంతో చెప్పి తీరాలి. ఇది నా పిచ్చి అనుకో. మా ఇంట్లోవాళ్ళు కూడా అదే అనుకుంటారు.

మూడో పేజీలో రోటరీ చరిత్ర పెట్టావు, కరపత్రంలోంచి దించినట్టు. 1905, షికాగో, పాల్ హారిస్, సేవాభావం. తీసెయ్. ఉంచాలని అంత పట్టుదలగా ఉంటే, ఆ ఫిబ్రవరి 23న ఒక ఆఫీసు గదిలో కూర్చున్న నలుగురూ ఎవరో రాయి. ఒక లాయరు (ఆయనే ఆ హారిస్), ఒక బొగ్గుల వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక బట్టలు కుట్టే ఆసామి. వారానికొకరి ఆఫీసులో చొప్పున వంతులవారీగా, అంటే రొటేషన్ మీద, కలుసుకునేవారు కనక రోటరీ అన్న పేరొచ్చింది. ఊరికోసం వాళ్ళు మొదట్లో తలకెత్తుకున్న పని ఏమిటో తెలుసా? నడిబజార్లో జనానికి మరుగుదొడ్లు. ఇది ఏ సన్మానపత్రంలోనూ ఉండదు.

అలాగే “సభ్యులు చతుర్విధ పరీక్షను భక్తితో పఠించారు” అన్నావు. ఇది నిజమా, అందరికీ న్యాయమా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా. నాలుగు ప్రశ్నలు, ఫ్రేము కట్టి గోడకి వేలాడదీస్తారు. వాటిని రాసింది స్వామీజీ కాదు. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన మునిగిపోతున్న అల్యూమినియం వంటపాత్రల కంపెనీని తేల్చడానికి పూనుకుని, తన ఉద్యోగుల కోసం రాసుకున్నాడు. అప్పటికి కంపెనీ అప్పులు ఆస్తుల కంటే 4,00,000 డాలర్లు ఎక్కువ. రోటరీ వాటిని తీసుకున్నది 1943లో. అప్పుల్లో పుట్టిన ప్రశ్నలమ్మా అవి. నీ కథలో చదివినవాళ్ళలో బాకీ ఉన్నవాడు ఒక్కడైనా లేడా? అలాంటివాడు “ఇది నిజమా” అని పైకి చదువుతుంటే పక్కవాడు ఎటు చూశాడు?

బాకీ అన్నాను కనక నా సంగతి చెబుతాను.

1979లో నేను టైపు లోయరు పాసై ఖాళీగా ఉన్నాను. మా ఊరి క్లబ్బుకి వారం వారం ఇంగ్లీషులో బులెటిన్ కొట్టిపెడితే సంచికకి 12 రూపాయలు, మీటింగు రోజు ఉప్మా, కాఫీ. గురువారం రాత్రి ఏడున్నరకి, రైసు మిల్లర్ల సంఘం హాలు మేడ మీద. తెలుగువాళ్ళు తెలుగువాళ్ళతో గంటన్నరసేపు ఇంగ్లీషులో మాట్లాడుకుని, మెట్లు దిగుతూ ధాన్యం ధరల దగ్గర తెలుగులోకి వచ్చేవారు.

స్టెన్సిలు, అంటే నకళ్ళు తీసే మైనం కాగితం, నువ్వు చూసి ఉండవు. రిబ్బను పక్కకి తప్పించి కొట్టాలి, అక్షరం మైనం కాగితంలో కోత పడుతుంది. తప్పు పడితే ఎర్రటి మందు పూసి, ఊది ఆరబెట్టి, మళ్ళీ కొట్టాలి. సున్నా దగ్గర మరీ జాగ్రత్త. గట్టిగా కొడితే నడుమ ముక్క గుండ్రంగా ఊడిపోయి, అచ్చులో సున్నా బదులు నల్ల బొట్టు పడేది. అందుకని అంకెలొచ్చినప్పుడు వేలు ఆపి ఆపి కొట్టేవాణ్ణి. అంకెల్ని చదవడం నాకక్కడే అలవాటైంది.

క్లబ్బులో సైకిలు షాపాయన ఒకడుండేవాడు. బ్యాడ్జి పెట్టుకురాకపోతే, మీటింగులో క్రమశిక్షణ చూసే సభ్యుడు, సార్జెంటనేవారు, 2 రూపాయలు జరిమానా వేసేవాడు. ఈయన వారం వారం మర్చిపోయేవాడు. పేరు పిలవగానే నవ్వుతూ లేచి, నాలుగు అర్ధరూపాయి బిళ్ళలు పైనుంచి ఒక్కొక్కటే డబ్బాలో వదిలేవాడు. హాలంతా నవ్వు. ఒకరోజు ఆయన వెనకే మెట్లెక్కుతుంటే చూశాను. చివరి మెట్టు మీద ఆగి, చొక్కాకున్న బ్యాడ్జి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

జూన్ నెలాఖరుకి, క్లబ్బు సంవత్సరం ముగిసేముందు, కోశాధికారి బకాయిల జాబితా ఇచ్చాడు. అందులో ఈయన పేరు, ఎదురుగా 300. మూడు అరసంవత్సరాల చందా. ఆ రెండు సున్నాలూ కొట్టి చెయ్యి ఆపేశాను. పాత బులెటిన్లు తీసి లెక్కేశాను. ఆ ఏడాది 41 సార్లు జరిమానా, 82 రూపాయలు.

అప్పట్లో క్లబ్బులో ఒక్కో వ్యాపారానికి ఒక్కడే. ఆయన షాపుకి ఎదురు వరసలో ఇంకో సైకిలు షాపు పెట్టినవాడు ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉన్నాడు. వరసగా నాలుగు వారాలు రాకపోతే పేరు కొట్టేసేవారు. అందుకని జ్వరమొచ్చినా మఫ్లరు కట్టుకుని వచ్చేవాడు. 300 ఒక్కసారిగా తెచ్చే దారి లేదు. 2 రూపాయలు చప్పుడయ్యేలా వెయ్యగలడు.

దాన్ని కథ చేసి ఒక వారపత్రికకి పంపాను. వేశారు. మనియార్డరు 40 రూపాయలొచ్చింది. అచ్చులో చూసుకుంటే 300 లేదు, 82 లేదు, 2 కూడా లేదు. అన్నిచోట్లా ‘కొంత పైకం’. నెలాఖర్లో పనిమీద ఆ పత్రిక ఉన్న ఊరు వెళ్ళి సంపాదకుణ్ణి అడిగితే, “కథలో చిట్టా ఆవర్జాలెందుకండీ, అనుభూతి ముఖ్యం” అన్నాడు. ఆయన బల్ల మీద ఆ వారం వచ్చిన కథల కట్ట ఉంది. పైనున్న మూడు కథలూ వర్షంతోనే మొదలయ్యాయి, తలకిందులుగా చదివాను. ఇప్పటికీ పోటీల న్యాయనిర్ణేతలకి వర్షం ఇష్టమే. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో రాస్తే మాత్రం ‘వస్తువు చిన్నది’ అంటారు.

సైకిలు షాపాయన ఆ కథ చదివాడు. మా ఇంటికొచ్చాడు. నేను పెరటి తలుపు వైపు చూసుకుంటున్నాను. కూర్చుని మంచినీళ్ళు తాగి అన్నాడు: “రాస్తే రాశావు గానీ, మూడొందలని రాయకపోయావా? కొంత పైకం అంటే ఊళ్ళోవాళ్ళు వేలనుకోరూ!”

ఆ మనిషికి నేనింకా బాకీయే.

ఇక నీ కథలో నాకు నచ్చింది ఒకటుంది. మీటింగు మొదలెట్టాల్సిన వేళకి ఇత్తడి గంట కనపడక, ప్రెసిడెంటమ్మ స్టీలు గ్లాసుని స్పూనుతో మూడుసార్లు కొట్టింది. అది చదివి కాసేపు ఆగిపోయాను. నేను స్టెన్సిళ్ళు కొట్టే రోజుల్లో ఆడవాళ్ళకి రోటరీలో సభ్యత్వమే లేదు. 1989 దాకా లేదు. భర్త రొటేరియన్, అంటే సభ్యుడు; భార్య ‘ఆన్’ (Ann). ఆవిడ పేరు ఏదైనా సరే, ఆన్. వెనక వరసలో కూర్చుని ఉప్మా బాగుందనాలి. నువ్వు ఆ సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తకుండా ప్రెసిడెంటమ్మ మెడలో కాలరు, అంటే ప్రెసిడెంటు వేసుకునే పట్టీ, వేసేశావు. ఆ కాలరుకి వేలాడే రేకుల మీద వెనకటి ప్రెసిడెంట్ల పేర్లు చెక్కి ఉంటాయి. ఎప్పుడైనా దగ్గరగా చూశావా?

కానీ గ్లాసు కొట్టించి వెంటనే అతిథిగారి ఉపన్యాసంలోకి వెళ్ళిపోయావు. నాలుగు పేజీలు! మధుమేహం మీద! మీటింగులో ఆయన మాటలు ఎవరూ వినలేదని నువ్వే రాశావు, మరి నన్నెందుకు వినమంటావు? ఆ గ్లాసు దగ్గరే ఉండు. ఎవరిది? క్యాంటీనుదా, ఎవరింటినుంచైనా వచ్చిందా? పేరు చెక్కి ఉందా? అందులో నీళ్ళున్నాయా? ఉంటే చప్పుడు వేరుగా ఉంటుంది. ముఖ్యంగా, గంట ఏమైంది? పాత ప్రెసిడెంటు ఇంట్లో ఉండిపోయిందా, లేక ఆయనే ఉంచేసుకున్నాడా? నీకు తెలిసే ఉంటుంది. చెప్పడానికి మొహమాటపడ్డావని నా అనుమానం.

కలం పేరు పెట్టుకోనా అన్నావు. నీ పేరు బాగానే ఉంది. తక్కిన మూడు ప్రశ్నలూ ఇంకెప్పుడైనా.

ఈసారి పంపేటప్పుడు పేజీలకి నంబర్లు వెయ్యి, కవరు తూకం వేయించు. స్టాంపులు చాల్లేదని పోస్టుమాన్ నా దగ్గర 20 రూపాయలు వసూలు చేశాడు.

ఆశీస్సులు.