బండి కబుర్లు: సీటు కవరు కింద దాక్కున్న కడ్డీలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చంటిపిల్లల కారు సీట్ల గురించే. అందుకని ఈసారి మైలేజీ, టైర్లు అన్నీ పక్కన పెట్టేశాను. నేను ఇంజనీర్ని కాను. విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్ళు కార్ల సీటు కవర్లు కుట్టినవాణ్ణి. ఆ అనుభవంతోనూ, ఇద్దరు మనవరాళ్ళను కార్లో తిప్పిన అనుభవంతోనూ చెబుతున్నాను.

*బాబాయ్ గారూ, మా పాపకు ఐదో నెల. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు తెప్పించాం. ఐసోఫిక్స్‌కు తగిలించాలని దాని పుస్తకంలో ఉంది. మాది 2018 డిజైర్. ఎంత వెతికినా అవి కనబడలేదు. పైగా మా అత్తగారు "నా ఒళ్ళో ఉండగా ఈ డబ్బా ఎందుకే" అంటున్నారు. — తెనాలి నుంచి ఒక తల్లి*

అమ్మాయ్, ఐసోఫిక్స్ అంటే చైల్డ్ సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే కడ్డీలు. మీ కారులో అవి ఉన్నాయి. నాలాంటి వాడెవడో వాటిని మూసేశాడు, అంతే.

వెనక సీటులో వీపు ఆనే భాగమూ కూర్చునే భాగమూ కలిసే సందు ఉంటుంది చూడు, ఆ సందులో లోపలికి, ఒక్కో పక్క రెండేసి చిన్న ఇనుప కడ్డీలు ఉంటాయి. పెన్సిలంత లావు. రెండింటి మధ్య దూరం 280 మిల్లీమీటర్లు. కారు బాడీకే వెల్డింగ్ చేసి ఉంటాయి. ఎక్కడున్నాయో తెలియడానికి కంపెనీ వాళ్ళు సీటు గుడ్డ మీద చిన్న గుర్తు పెడతారు. మేం రెగ్జిన్ కవరు తొడిగేటప్పుడు ముడతలు రాకూడదని ఆ సందులోకి బలంగా లాగి కింద ఎలాస్టిక్‌తో కట్టేస్తాం. కవరు నున్నగా వస్తుంది, కస్టమరు సంతోషిస్తాడు, గుర్తూ కడ్డీలూ రెండూ లోపలే ఉండిపోతాయి. అలా ఎన్ని బండ్లకు కుట్టానో లెక్కలేదు. పెద్ద మనవరాలు పుట్టాక మా అమ్మాయి అమెరికా నుంచి సీటు పట్టుకొచ్చి, "నాన్నా, నీ బండిలో ఐసోఫిక్స్ ఎక్కడ?" అని అడిగింది. నా చేత్తో కుట్టిన కవర్ని నా చేత్తోనే బ్లేడు పెట్టి కోశాను.

నువ్వు బ్లేడు జోలికి పోవద్దు. కవరు వేసిన షాపుకే వెళ్ళి, ఆ నాలుగు చోట్లా కుట్టు విప్పి జిప్పు పెట్టమను. అరగంట పని. బెల్టు బకిల్స్ కూడా కవరు కింద నలిగిపోతున్నాయేమో అప్పుడే చూపించు.

ఇక బిగించడం. చైల్డ్ సీటుకు ఉండే రెండు కొక్కేల చేతుల్ని ఆ కడ్డీలకు తోస్తే రెండు పక్కలా క్లిక్‌మని వినపడాలి, ఎర్రగా ఉన్న గుర్తు రెండు పక్కలా ఆకుపచ్చగా మారాలి. ఒక పక్క మారి రెండో పక్క మారకపోతే సీటు పడనట్టే. తర్వాత, నేల మీద ఆనే కాలు ఉన్న సీటైతే ఇంకో సంగతి. ఈ మధ్య అందరూ వేయించుకుంటున్న 7డి మ్యాట్లు ఉన్నాయే, మెత్తగా పరుపులా ఉండేవి, ఆ కాలు వాటి మీద నిలబడకూడదు. కింద ఫోము నొక్కుకుపోతుంది, కాలికి పట్టు దొరకదు. ఆ ఒక్క మ్యాటూ తీసి, కాలు గట్టి నేల మీద ఆనేలా పెట్టు. కాలు ఆనేచోట నేల కింద సామాను అర ఉంటే దాని మూత మీద మాత్రం ఆనించొద్దు.

అంతా అయ్యాక, సీటు బిగింపు ఉన్నచోట పట్టుకుని అటూ ఇటూ ఊపు. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్ళీ మొదటికి రా. పైన తల వైపు పట్టుకుని ఊపితే కాస్త ఊగుతుంది, దానికి కంగారుపడకు. వాలు కూడా చూడాలి. పక్కన గీతో, నీటి బుడగో ఉంటుంది. ఐదు నెలల పిల్లకు మెడ ఇంకా పూర్తిగా బలపడదు కాబట్టి సీటు మరీ నిటారుగా ఉంటే గడ్డం ఛాతీ మీదకు వాలి ఊపిరికి అడ్డం పడుతుంది. దాదాపు 45 డిగ్రీల వాలు ఉండేలా చూసుకో.

పాప పట్టీలు భుజం ఎత్తులోగానీ దానికి కాస్త కిందనుంచిగానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడు, మడత చేతికి అందకూడదు. మన ఇళ్ళలో పొత్తిళ్ళలో చుట్టి అలాగే సీట్లో పెట్టేస్తారు. అది తప్పు. ముందు పట్టీలు, ఆ పైన టవలు.

మీ అత్తగారి మాట. ఆవిడ చేతుల మీద నాకేం అనుమానం లేదు. కానీ ఈ లెక్క ఆవిడ ముందు పెట్టు. బండి 50 కిలోమీటర్ల స్పీడులో దేనికో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోయిందనుకో, అందులో ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకు 14 రెట్ల బలంతో ముందుకు తోస్తుంది. మీ పాప ఏడు కిలోలుంటే, దాదాపు వంద కిలోలు. అంటే నాలుగు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒక్క కుదుపులో ఒళ్ళోంచి ఎగిరిపోవడం. నేనైతే మా ఆవిడకు ఇదే చెప్పి, పాప పక్కన సీటు ఆవిడకే ఇచ్చాను. గిలక్కాయ ఆడించే డ్యూటీ దొరికాక గొడవ సద్దుమణిగింది.

*అయ్యా, మనవడికి పదకొండు నెలలు. కాళ్ళు సీటు వీపుకు తగిలి ముడుచుకుంటున్నాయి. బడిలో తప్పు చేసినవాణ్ణి గోడకేసి కూర్చోబెట్టినట్టుంది, చూడలేకపోతున్నాను. ముందుకు తిప్పేయవచ్చా? — హనుమకొండ నుంచి ఒక తాతయ్య*

వద్దండి. మీ బాధ నాకు అర్థమవుతుంది, నేనూ తాతనే. కానీ వాడి తల వైపు చూడండి, కాళ్ళ వైపు కాదు. పుట్టిన పిల్లల ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. ఏడాది పిల్లాడికీ ఒంటికి మించిన తలే. దాన్ని మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు బండి గుద్దుకున్నప్పుడు ఒంటిని పట్టీలు ఆపుతాయి, తలను ఏదీ ఆపదు. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడూ కలిసి సీటు చిప్పలోకి, అంటే దాని గట్టి ప్లాస్టిక్ డొప్పలోకి, ఒత్తుకుంటాయి, దెబ్బ అంతటా పంచుకుపోతుంది.

ఈ ఆలోచన స్వీడన్‌లో పుట్టింది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు, రాకెట్ లేచేటప్పుడు వ్యోమగాములు వీపు మీద వాలి కూర్చునే తీరు చూసి, పిల్లల సీటు కూడా అలాగే ఉండాలని 1960లలో తయారుచేసి పరీక్షించారు. ఆ దేశంలో ఇప్పటికీ నాలుగేళ్ళదాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెడతారు. ఐరోపాలో కొత్త సీట్లకు వర్తించే ఆర్129 నిబంధన ప్రకారమైతే 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పడానికే లేదు. అది కనీసం. అక్కడితో ఆపాలని కాదు.

మీ సీటు పక్కన నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది. ఆర్44 (అంతకు ముందున్న పాత నిబంధన) అని ఉంటే కిలోల లెక్క, ఆర్129 అని ఉంటే సెంటీమీటర్ల లెక్క. బుట్టలాంటి చిన్న సీటైతే 13 కిలోల వరకు అని ఉంటుంది. రెండు వైపులా తిరిగేవాటిలో కొన్ని వెనక్కి తిప్పి 18 కిలోల దాకా మోస్తాయి. ఆ హద్దు దాటేదాకా, లేదా తల సీటు చిప్ప అంచుకు వచ్చేదాకా వెనక్కే ఉంచండి. కాళ్ళంటారా, మనవాళ్ళకు బాసింపట్టు వేయడం ఎవరైనా నేర్పాలా? వాడే మడుచుకుంటాడు.

*మా అబ్బాయి వాళ్ళు న్యూజెర్సీ నుంచి చంటిదాంతో వస్తున్నారు. అక్కడి సీటే తెస్తారట. మాది 2014 వ్యాగన్ ఆర్. దానికి పడుతుందా? — విశాఖపట్నం*

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో పురుడుకి వెళ్ళొచ్చిన అమ్మమ్మలకు తెలుసు, కారు సీటు ఉందా అని ఆసుపత్రిలోనే అడుగుతారు. కాబట్టి సీటు మంచిదే వస్తుంది. చిక్కు మన బెల్టుతో.

మీ బండిలో ఐసోఫిక్స్ కడ్డీలు ఉండవు, బెల్టుతోనే కట్టాలి. అమెరికా కార్లలో వెనక బెల్టును చివరిదాకా లాగి వదిలితే టిక్ టిక్ అంటూ లోపలికి పోతూ అక్కడే లాక్ అయిపోతుంది. మన బెల్టులు మామూలుగా అలా కావు. గట్టిగా కుదిపితే తప్ప పట్టవు. మిగతా సమయమంతా వదులు ఇస్తూనే ఉంటాయి. మా అమ్మాయి వాళ్ళు వచ్చిన రోజున గన్నవరం విమానాశ్రయంలో మా తమ్ముడి పాత బండిలో ఆ సీటు నేనే కట్టాను. మోకాలేసి నొక్కి మరీ బిగించానని గర్వంగా ఉంది. బెంజి సర్కిల్ వచ్చేసరికి ఒక మలుపులో సీటు మొత్తం తలుపు వైపు వాలింది. అదృష్టం, మనవరాలు నిద్ర లేవలేదు.

ఇంటికొచ్చాక మా అల్లుడు పుస్తకం చదివాడు (ముందే చదివుంటే బాగుండేది, అది నా తప్పే). దానికి మందు ఒక చిన్న ఇనుప క్లిప్పు, హెచ్ అక్షరంలా ఉంటుంది. కొన్ని సీట్లకు వెనకో కిందో తగిలించి ఇస్తారు. బెల్టు నాలుకను బకిల్‌లో పెట్టి, సీటును చేత్తో నొక్కి, భుజం బెల్టు లాగి బిగించాలి. నాలుక పక్కన నడుం బెల్టు, భుజం బెల్టు రెండు పొరల్నీ కలిపి పట్టుకుని, బకిల్ విప్పి, నాలుకకు అంగుళం లోపల ఆ రెండు పొరల్నీ క్లిప్పులోకి ఎక్కించి, మళ్ళీ బకిల్ పెట్టాలి. మొదటిసారి చెమటలు పడతాయి. కొన్ని సీట్లలో బెల్టును నొక్కిపట్టే మూత సీటులోనే ఉంటుంది, అప్పుడు క్లిప్పుతో పనిలేదు. మీవాళ్ళ సీటులో ఏది ఉందో బయల్దేరకముందే ఫోటో తెప్పించుకోండి.

వెనక మధ్యలో చేత్తో లాగి బిగించే నడుం బెల్టు ఉంటే, సీటు పుస్తకం ఒప్పుకుంటే, దానితోనే సులువు. అది బిగించిన చోటే ఉంటుంది. ఇంకో సంగతి: చిన్న కార్లలో బెల్టు పొడవు చాలక సీటు చుట్టూ తిరిగి రాదు. అప్పుడు ఎక్స్‌టెన్షన్ ముక్కలు కొని అతికించొద్దు. ఆ సీటు ఆ బండికి పడదని ఒప్పుకుని, వాళ్ళున్నన్నాళ్ళూ కడ్డీలున్న బండి అద్దెకు తీసుకోండి.

*నేను ఒక్కదాన్నే బాబుతో ఆఫీసు క్రెష్‌కి వెళ్తాను. వెనక ఏడుస్తుంటే టెన్షన్. ముందు సీట్లో నా పక్కన పెట్టుకోవచ్చా? — కర్నూలు*

ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెట్టకూడదమ్మా. ఎప్పటికీ. కనురెప్ప వేసేలోపు తెరుచుకునే ఆ బ్యాగు సరిగ్గా బాబు తల వెనకాల చిప్పను గుద్దుతుంది. సన్‌వైజర్ మీద అడ్డగీత కొట్టిన బొమ్మ ఉంటుంది, అది చెప్పేది ఇదే. వెనక ఎడమ వైపు పెట్టండి, దించేటప్పుడు ఫుట్‌పాత్ వైపు దిగుతారు. ఏడుపు ఎక్కువైతే బండి పక్కకు ఆపి చూడండి, ఐదు నిమిషాలు లేటైతే ఏం కాదు. మీ హ్యాండ్‌బ్యాగు కూడా బాబు పక్కనే పెట్టండి. హడావిడి రోజున బాబును మర్చిపోయి దిగే ప్రమాదం ఉండదు. కర్నూలు ఎండలో నిలిపిన బండైతే, ఎక్కించేముందు బకిల్ ఇనుము చేత్తో ముట్టుకుని చూడండి. నిలిపినప్పుడల్లా సీటు మీద తెల్ల తువ్వాలు కప్పేస్తే కాలదు.

*ఆఫీసులో ఒకాయన వాడిన సీటు 1,500కు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా? అసలు పోలీసులు పట్టుకుంటారా? — నిజామాబాద్*

ఆ బండికి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా అని అడగండి. అయి ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు, చిప్పలో పగుళ్ళు కంటికి కనబడవు. సీటు అడుగున తయారైన తేదీ, కొన్నిటికి వాడాల్సిన గడువు అచ్చు పోసి ఉంటుంది. పట్టీలు నారలు తేలి ఉన్నా, పుస్తకం లేకపోయినా బేరం వదిలేయండి. చట్టం సంగతి, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు.

*మా వారు ఆరడుగుల మనిషి. ఆయన ముందు కూర్చుంటే వెనక చైల్డ్ సీటు పట్టడం లేదు, అది పెడితే ఆయన మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగులుతున్నాయి. — రాజమండ్రి*

మీ ఇద్దరిలో పొట్టివాళ్ళు ఎవరైతే వాళ్ళ వెనక సీటు కట్టండి. మీకు డ్రైవింగ్ వస్తే ఇంకా హాయి. మా అల్లుడూ ఆరడుగుల రెండంగుళాలు. ఆ సెలవులన్నాళ్ళూ బండి మా అమ్మాయి నడిపింది, నేను ముందు కూర్చున్నాను, అతను వెనక పాప పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని శ్రీకాకుళం దాకా గిలక్కాయ ఆడించాడు.