‘భూకంపాంతరం’ అంటే మరో భూకంపమా?

సందేహం: డిగ్రీ చదివే మా అమ్మాయి సెమినార్ కోసం ‘భూకంపాంతర భూపటల విరూపణ నమూనా’ అని శీర్షిక పెట్టుకుంది. ఒక పెద్ద భూకంపం వచ్చాక మళ్లీ ఇంకొకటి వచ్చేలోగా నేల ఎలా వంగుతుందో లెక్కగట్టడమని దాని అర్థమట. మాకెవరికీ అలా తోచలేదు. ఆ మాట సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: సంధి సరిగానే ఉందమ్మా. అర్థమే పక్కదారి పట్టింది. దేశాంతరం అంటే మరో దేశం, జన్మాంతరం అంటే మరో జన్మ. ఆ అలవాటుతో ‘భూకంపాంతరం’ చదివితే మరో భూకంపమనే అనిపిస్తుంది. మన్వంతరంలో అంతరం అంటే కాలమే కదా అనవచ్చు. నిజమే, కానీ అక్కడ ఒక మనువు ఏలే కాలం అనే అర్థం, ఇద్దరు మనువుల నడిమి కాలం కాదు.

ఇందుకు తేట తెలుగు మాట ఉండనే ఉంది. పంటకూ పంటకూ నడుమ, కాన్పుకూ కాన్పుకూ నడుమ అంటాం. అలాగే ‘భూకంపానికీ భూకంపానికీ నడుమ’ అంటే చాలు. ‘భూకంపాల నడుమ’ అని కుదించవద్దు. వరసగా కంపిస్తున్న నేల మీద నిలబడినట్టు ఉంటుంది.

ఆ నడిమి కాలాన్ని చెప్పడానికి నాకెంతో ఇష్టమైన క్రియ ఒకటుంది: పట్టేయడం. నవంబరు వానలకు మా వీధి తలుపు చెక్క ఉబ్బి, అడుగున గడపకు పట్టేస్తుంది. గొళ్లెం పట్టుకుని లాగితే పైభాగం కాస్త వంగి మన వైపు వస్తుంది, అడుగు కదలదు. ఇంకా లాగితే ఒక్కసారిగా ధడాలున ఊడివస్తుంది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశీలించి అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ రీడ్ 1910లో చెప్పింది ఇలాంటిదే. భ్రంశం అంటే నేలలోని పగులు. దాని రెండు పక్కలా నేల ఎదురెదురు దిక్కులకు జరుగుతూనే ఉంటుంది, పగులు మాత్రం పట్టేసి ఉంటుంది. రాయి వంగుతూ బిగువు కూడబెట్టుకుంటుంది. పట్టు విడిపోయిన క్షణమే భూకంపం. ‘బంధిత భ్రంశం’ అని రాసే బదులు ‘పట్టేసిన భ్రంశం’ అంటే పిల్లలకు బొమ్మ కళ్లకు కడుతుంది.

హిమాలయాల దగ్గర మన దేశాన్ని మోస్తున్న భూపలక ఏటా సుమారు 2 సెంటీమీటర్లు ఉత్తరానికి ఒత్తుకుపోతోంది. లోతున వేడి రాయి జారిపోతుంది, పైన పట్టేసి ఉంటుంది. జీపీఎస్ కొలతలను బట్టి ఎంత లోతు దాకా పట్టేసిందో, బిగువు ఎంత చేరిందో కట్టే లెక్కే మోడలింగ్. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో ఆ బిగువు కొంత సడలింది.

‘నమూనా’ ఒక్కటే అంటే మట్టి నమూనా, నీటి నమూనా గుర్తొస్తాయి. ‘గణిత నమూనా’ అనండి, మోడల్ అన్నా తప్పులేదు. ‘విరూపణ’ అంటే ఆకారం మారడం, భౌతికశాస్త్రంలో వాడుకలో ఉన్నదే, ఉంచండి.

బిగువు చేరడం, సడలడం మళ్లీ మళ్లీ జరగడాన్ని ‘భూకంప చక్రం’ అంటారు. ఆ మాట వాడాల్సివస్తే ఒక వివరణ జోడించమనండి. చక్రం అనగానే అరవై ఏళ్లకు ప్రభవ మళ్లీ వచ్చినట్టు లెక్క తప్పకుండా తిరిగొస్తుందని మనవాళ్లు అనుకుంటారు. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో సగటున 22 ఏళ్లకొక భూకంపం వస్తోందని చూసి, తర్వాతిది 1993లోపు వస్తుందని అంచనా కట్టారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది.