గ్లాసు ఛాంబర్లకు నంబర్లు వేసేటప్పుడు

కావలి

చిరంజీవి సాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలులో మీ కాలేజీవాళ్లు మ్యూయాన్లను (ఆకాశం నుంచి వచ్చే సూక్ష్మ కణాలు) పట్టడానికి పన్నెండు ఆర్‌పీసీలు (రెండు గ్లాసు పలకల మధ్య గ్యాస్ నింపిన డిటెక్టర్ ఛాంబర్లు) కడుతున్నారనీ, సామాన్ల లెక్క నీకు అప్పజెప్పారనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం నాయనా. ఇది గుమాస్తా పని అని ఎవరన్నా అంటే చెవిన పెట్టొద్దు. రేపు ఒక స్ట్రిప్పులో (సిగ్నల్ పట్టే సన్నటి లోహపు పట్టీ) సిగ్నల్ పడిపోతే దాని వెనకున్న ఎలక్ట్రానిక్ బోర్డు ఏదో, ఆ గ్లాసును ఏ రోజు ఏ జిగురుతో అతికించారో చెప్పగలిగేది నీ రిజిస్టరే.

నంబరు వస్తువుకు పేరు మాత్రమే. అది ఎక్కడుందో, బాగుందో లేదో అందులో ఇరికించొద్దు. మూడో పొరలో పెట్టబోతున్నాం గదా అని ఛాంబర్ మీద ‘ఎల్3’ అని రాస్తారు. అది లీకయ్యి, బాగుచేశాక ఏడో పొరలోకి పోతుంది. ఇక ఆ రోజు నుంచి పాత టెస్టు కాగితాలన్నీ అబద్ధం చెబుతుంటాయి. మన ఒంగోలు గిత్తకు చెవికి వేసే పన్నెండంకెల ట్యాగు చూడు. గిత్త ఏ ఊరికి అమ్ముడుపోయినా ట్యాగు మారదు. ఊరూ యజమానీ కంప్యూటర్లో మారతాయి. నువ్వూ అట్లాగే చెయ్యి. పొర నంబరు ఛాంబర్లు పేర్చే రాక్‌కు అంటించు, ఛాంబర్‌కు కాదు.

జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో అట్లాస్ అనే ప్రయోగంవాళ్లు కొత్త ట్రాకర్ (కణాల దారి పట్టే పరికరం) భాగాలకు పద్నాలుగు అక్షరాల నంబరు వాడతారు: ముందు ‘20యూ’, తర్వాత నాలుగు అక్షరాల్లో ప్రాజెక్టు, భాగం రకం, చివర ఏడంకెలు. మన ఇండియా న్యూట్రినో అబ్జర్వేటరీ డిజైన్‌లో 28,800 ఆర్‌పీసీలున్నాయి: మూడు మాడ్యూళ్లు, మాడ్యూల్‌కు 150 పొరలు, పొరకు 64. మీవి పన్నెండే గదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్స్, వై రెండు వైపులా 32 స్ట్రిప్పులంటే, స్ట్రిప్పుకో ఛానల్ చొప్పున ఎనిమిది ఛానళ్ల బోర్డులే 96 అవుతాయి. గ్లాసులు 24, పికప్ ప్యానెళ్లు (స్ట్రిప్పులుండే పలకలు) 24. రకానికి రెండక్షరాలు, వరసకు నాలుగంకెలు, చివర ఒక సరిచూసే అంకె నీకు చాలు. ఆ చివరి అంకెను లూన్ పద్ధతిలో (బ్యాంకు కార్డు నంబర్లకు వాడేది) వెయ్యి. ఒక అంకె తప్పు పడితే తప్పకుండా పట్టిస్తుంది, పక్కపక్క అంకెలు తారుమారైనా 09, 90 తప్ప అన్నీ పట్టిస్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లో ఓ, ఐ వాడొద్దు, సున్నా, ఒకటి అనుకుంటారు.

అన్నిటికీ విడి నంబర్లు అక్కర్లేదు. బటన్ స్పేసర్లకు (గ్లాసుల మధ్య ఎడం నిలిపే బిళ్లలు), గ్యాస్ నాజిళ్లకు, ఎపాక్సీ జిగురుకు లాట్ నంబరు (ఒకే విడతలో వచ్చిన సరుకు మొత్తానికి ఒకే నంబరు) చాలు. కానీ ఏ గ్యాప్‌కు (రెండు గ్లాసులు అతికించిన జత) ఏ లాట్ వాడారో తప్పకుండా రాయి. ఒక గ్యాప్‌లో బటన్ ఊడిందంటే, అదే జిగురుతో కట్టిన మిగతావాటిని ఆ సాయంత్రానికే పక్కన పెట్టగలగాలి. రెండు గ్లాసులు అతుక్కుని గ్యాప్ అయినప్పుడు గ్యాప్‌కు కొత్త నంబరు పుడుతుంది. గ్లాసుల నంబర్లు దాని కింద పిల్లలుగా ఉండిపోతాయి. పగిలిన గ్లాసు నంబరును ఇంకోదానికి ఇవ్వొద్దు. ‘పగిలింది’ అని తేదీ వేసి వదిలెయ్యి.

గ్లాసు దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. నంబరు కోసం వజ్రపు మొనతో గీకొద్దు, మూడు మిల్లీమీటర్ల గ్లాసుకు పగులు ఆ గీత దగ్గరే మొదలవుతుంది. మార్కర్‌తో రాస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేటప్పుడు పోతుంది. అందుకని మూలన టేపు మీద నంబరు రాయి. కడిగేటప్పుడు టేపు తీసి, ఆ గ్లాసు నిలబెట్టే స్టాండు గాడికి అంటించు. ఒకసారికి ఒకే గ్లాసు కడగాలి. రెండు గ్లాసులు తడిగా బల్ల మీద ఉన్నాయంటే ఏది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. గ్యాప్ పూర్తయ్యాక కూడా గ్రాఫైట్ పూత మీద లేబుల్ వేయొద్దు. అక్కడ రెండు వైపులా కలిపి పదివేల వోల్టుల దాకా పెడతారు. మన సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చిందంటే లీకేజీ కరెంటు పెరుగుతుంది. పక్కన అల్యూమినియం ట్రే అంచుకు ఒకటి, ఎదురు అంచుకు ఇంకొకటి అంటించు. రాక్‌లోకి దూర్చాక ఒక అంచే కనబడుతుంది. పాలిఇమైడ్ లేబుల్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్), రెజిన్ రిబ్బన్ ప్రింటు (తేలిగ్గా చెరగని సిరా) తీసుకో. బిల్లులకు వాడే థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది.

ఛాంబర్‌కు ఒక మూలన, గ్యాస్ లోపలికి వెళ్లే వైపు, చెరగని గుర్తు పెట్టు. ఎక్స్, వై స్ట్రిప్పులు రెండూ ఆ మూల నుంచే లెక్క మొదలవ్వాలి. సాఫ్ట్‌వేర్‌వాళ్లు 0 నుంచి 31, చేతిపని చేసేవాళ్లు 1 నుంచి 32 లెక్కపెడతారు. మొదటి రోజే ఒకటి ఖాయం చేసి గోడకు అంటించు.

టెస్టు ఫలితం పక్కన తేదీ, చేసినవారి పేరుతో పాటు గది ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం కూడా రాయి. లీకు టెస్టులో గ్యాప్‌లో గ్యాసును కొన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన పీడనం దాకానే నింపుతారు. వాతావరణ పీడనం ఒక్క మిల్లీబార్ పడిందంటే ఆ పీడనం చూపే మానోమీటర్‌లో నీటి మట్టం పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చిన రోజున పీడనం ఇంకా ఎక్కువ పడుతుంది; అప్పుడు కారే గ్యాప్ కూడా బాగున్నట్టే కనబడుతుంది, బటన్ల మీద ఒత్తిడీ పెరుగుతుంది. మామూలు రోజుల్లో కూడా ఉదయం పది గంటలకు, సాయంత్రం నాలుగు గంటలకు మధ్య రెండు మూడు మిల్లీబార్లు తేడా ఉంటుంది. వాతావరణ పీడనం రాయని లీకు రీడింగును నేనైతే ఒప్పుకోను.

బోర్డు మార్చినప్పుడు పాత వరస చెరిపి కొత్తది రాయొద్దు. పాతదానికి ‘ఎప్పటిదాకా’ అని టైముతో మూసేసి, కింద కొత్త వరస మొదలుపెట్టు. అట్లా చెయ్యకపోతే పోయిన నెల డేటాను ఈ నెల వైరింగ్‌తో చదువుతారు. మ్యూయాన్ దారులు వంకరపోతాయి, తప్పేమో డిటెక్టర్ మీదికి పోతుంది. రాత్రిపూట హడావిడిగా కేబుల్ మార్చి పొద్దున రాద్దాంలే అనుకుంటారు గదా, సగం గందరగోళం అక్కడే పుడుతుంది. రాక్ పక్కనే తాడుకు పెన్ను కట్టిన నోటుపుస్తకం పెట్టు. కంప్యూటర్లోకి తర్వాత ఎక్కించొచ్చు.

ఎక్సెల్‌లో మొదలుపెడుతున్నావని విన్నాను. 0012 అని కొడితే ముందున్న సున్నాలు మింగేస్తుంది, 12ఈ05 (12E05) లాంటిదాన్ని ఘాతసంఖ్య అనుకుని 1200000 చేసేస్తుంది. నంబర్లు ఎక్కించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌కు మార్చు.

లేబుల్ రోల్ మొత్తం కొనొద్దు. పది లేబుళ్లు అల్యూమినియం ముక్క మీద అంటించి, ఆల్కహాల్‌తో రుద్ది, వారం రోజులు కిటికీ దగ్గర పెట్టి, స్కానర్ చదువుతుందో లేదో చూడు. నంబర్ల పట్టిక తయారయ్యాక నాకొక కాపీ పంపు, గ్లాసు లారీ రాకముందే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న