ఒకే గ్రంథం చదివినా ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఎందుకు తోస్తుంది?

ఎందుకంటే, మనం పుట్టి పెరిగిన పరిస్థితులు గ్రంథంలో మన కంటికి ఏది ఆనుతుందో చాలావరకు నిర్ణయిస్తాయి. చదివేటప్పుడు మనసు ప్రతి మాటకూ సమాన బరువు ఇవ్వదు. తాను ఎరిగిన కష్టం కనబడితే ఆగుతుంది, మిగతాది చూసీ చూడనట్టు దాటేస్తుంది.

బైబిల్లో తప్పిపోయిన కుమారుడి కథ ఉంది కదా, లూకా సువార్త 15వ అధ్యాయంలో. కొడుకు ఆస్తి పంచుకుని దూరదేశం పోతాడు, అంతా తగలేస్తాడు, ఆపైన కరవు వస్తుంది, పందులు మేపే గతి పడుతుంది. ఈ కథ చదివించి, పుస్తకం మూసి తిరిగి చెప్పమంటే అమెరికాలో 100 మందిలో ఆరుగురే కరవు ఊసెత్తారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 50 మందిలో 42 మంది ఎత్తారు. అది ఒకప్పటి లెనిన్‌గ్రాడ్. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సేనల ముట్టడిలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన ఊరు. అక్కడివాళ్లకు కరవు అన్న మాట ఊరికే దాటిపోయేది కాదు మరి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, అలాగైతే ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చని. కాదు. దుబారా 13వ వచనంలో ఉంది, కరవు 14వ వచనంలో ఉంది. రెండూ మూలంలోవే, ఎవరూ కల్పించలేదు. మన నేపథ్యం, మూలంలో లేని మాటను పుట్టించనక్కర్లేదు, ఉన్న మాటల్లో ఒకదాన్ని పెద్దది చేసి ఇంకోదాన్ని మరిపిస్తే చాలు. పైగా, ఆ మరిచినవాడికి తాను మరిచినట్టే తెలియదు.