ఆ సూర్యుణ్ణి తీసేయ్, అమ్మాయ్

వడపళని, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేజీలు బాగున్నాయి, ముఖ్యంగా లాఠీచార్జి అయ్యాక రోడ్డు మీద మిగిలిన చెప్పులు. ఆ తర్వాతే నాకు ఒళ్ళు మండింది.

గొడవలు సద్దుమణిగాక నీ చిత్రకారుడు పెట్రోలు బంకు పక్క గోడ మీద రాత్రికి రాత్రి బొమ్మ వేస్తాడు. రెండు కొండలు, మధ్యలోంచి పైకొస్తున్న సూర్యుడు. తెల్లారి జనమంతా చూసి కళ్ళు తుడుచుకుంటారు. అమ్మాయ్, ఈ ఊళ్ళోనే పుట్టానని రాశావు. ఇక్కడ రెండు కొండల మధ్య సూర్యుడంటే ఏమిటో ఏ ఆటో అతన్నడిగినా చెబుతాడు. డీఎంకే ఎన్నికల గుర్తు! నువ్వు ఆశ అనుకుని వేయించింది ఓట్ల ప్రచారం. అవతలి అన్నాడీఎంకేవాడొచ్చి దాని మీద సున్నం కొట్టి తమ గుర్తు రెండాకులు వేసిపోతాడు. అసలు కథ అక్కడ మొదలవ్వాలి. నువ్వు అంతకు ముందే ముగించేశావు.

పైగా ఆ గోడ ఎవరిది? ఇక్కడ గోడలు ఊరికే పడి ఉండవు. ఎన్నికలు ఇంకా దూరంలో ఉండగానే సున్నం కొట్టి, పార్టీ పేరూ, ఫలానా సంవత్సరం దాకా రిజర్వ్‌డ్ అనీ రాసి పెడతారు, బస్సు కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసినట్టు.

1977లో సినిమాలకు మాటలు రాద్దామని నెల్లూరు నుంచి వచ్చి, గతిలేక గోడలు రాసే ఒక మేస్త్రీ దగ్గర డబ్బాలు మోశాను. నేను అరవం నేర్చుకుంది ఆ గోడల మీదే, మూరెడు అక్షరాల్లో. మేస్త్రీ పొద్దున ఒక వీధిలో సూర్యుణ్ణి వేసేవాడు, సాయంత్రం ఇంకో వీధిలో రెండాకులు. ఆకులకు అర్ధరూపాయి ఎక్కువ. ఈనెలు గీయాలి కదా. సున్నంలో నీలిమందు సరిపోయిందో లేదో వేలు ముంచి, గోరు మీద ఆరనిచ్చి చూసేవాడు.

ఆయన మీద కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. ముగింపులో ఆశ లేదట. రేట్లూ గీట్లూ తీసేసి, మేస్త్రీకి జ్ఞానోదయం చేయించి పంపితే అచ్చయింది. నలభై రూపాయలు వచ్చాయి. చదివి అరవంలో చెబితే మేస్త్రీ అంతా విని, "ఆకుల రేటు రాయలేదేం?" అన్నాడు. ఆ సంపాదకుడు పోయి చాలా కాలమైంది, నా కోపం పోలేదు. ఇప్పుడు కథల పోటీలవాళ్ళు దాన్నే 'సానుకూల దృక్పథం' అని నిబంధనల్లో రాస్తున్నారు, పేజీల లెక్క పక్కనే.

ఆశ వద్దని నేననను. 2019 డిసెంబరు 29న బీసెంట్ నగర్‌లో కొందరు ఆడవాళ్ళు పౌరసత్వ సవరణ చట్టం వద్దంటూ రోడ్డు మీద ముగ్గులు వేశారు. ధనుర్మాసం, ఊరంతా ముగ్గులు పెట్టే రోజులు. పోలీసులు వాళ్ళను తీసుకెళ్ళి కాసేపు ఉంచి వదిలారు. మర్నాడు ఊళ్ళో చాలా గుమ్మాల ముందు అవే మాటలు. మా ఆవిడ రాజకీయాలు మాట్లాడదు. ఆ పొద్దున మాత్రం చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, కింద అరవంలో 'వేండాం', అంటే వద్దు, అని రాసింది. 'డా'కు దీర్ఘం మరిచింది. ఎదురింటి మామి పాల ప్యాకెట్టు పక్కన పెట్టి, వంగి, రెండు వేళ్ళ మధ్య నుంచి పిండి జార్చి దీర్ఘం దిద్దింది. వాళ్ళది ఆ చట్టం కావాలనే ఇల్లు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. బియ్యప్పిండి కదా, మధ్యాహ్నానికి చీమలు సగం మోసుకుపోయాయి.

నీ చిత్రకారుడి చేతికి అలాంటి వేళ్ళు లేవు. రంగు ఎంతకు కొన్నాడు? నిచ్చెన ఎవరు పట్టుకున్నారు? పట్టుకున్నవాడు ఏ పార్టీ? అవి రాస్తే నీ జనం కళ్ళు తుడుచుకోనక్కర్లేదు.

కలం పేరు గురించి అడిగావు, ఇంకా ఏవేవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు సూర్యుణ్ణి తీసేసి కథ మళ్ళీ పంపు. ఈసారి పేజీలకు నంబర్లు వెయ్యి, నాలుగో పేజీ నాకు ఆరో పేజీ వెనక దొరికింది.