ముసురులో కటికి జలపాతం నడక: జారుడు, జలగలు

అరకు దగ్గరి బొర్రా నుంచి కటికి జలపాతానికి ముసురులో నడిస్తే బూట్లు జారుతున్నాయి, జలగలు పట్టేస్తున్నాయి అన్నారు కదండీ. సోల్ గాడుల్లో ఎర్రమట్టి నిండితే కొత్త బూట్లైనా జారతాయి. మధ్యమధ్యలో ఆగి పుల్లతో గీకెయ్యండి. దిగేటప్పుడు చేతిలో కర్ర ఉండాలి.

ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి. జలగ పట్టిందా, లాగొద్దు, ఉప్పూ చల్లొద్దు. సన్నటి మూతి దగ్గర గోటితో పక్కకి తోస్తే ఊడిపోతుంది. దాని లాలాజలం వల్ల నెత్తురు త్వరగా గడ్డకట్టదు, కాసేపు కారుతుంది. టెన్షన్ వద్దు.

నన్నడిగితే అసలు భయం గెడ్డతోనే, అంటే కొండవాగుతోనే. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన పడితే చాలు, నీళ్లు ఎర్రబారి పొంగుతాయి. రంగు మారితే దిగకండి. మేమోసారి ఒడ్డునే రెండు గంటలు కూర్చుని, చల్లారిపోయిన బొంగు చికెన్ తిన్నాం.